మందుకు తోడు మొక్క

షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఒకటి ఉన్నది. బాటసారులకు అది ఒకనాటి విడిది. ఆ పేటనుండి ఫిలింనగరుకు పోవు దారిలో, ఒక మందుల దుకాణము ముందు, ఇటీవల ఒక సాయంకాలము నేను నిలిచియుంటిని. నాకు ముందు ఒక యువకుడు ఉండెను. సినిమా చిత్రీకరణలలో దీపములు మోయుట, నిలుపుట, దించుట అతని పని. మెడకు తువాలు చుట్టుకొని, గొంతు పెగలక, దుకాణదారుతో ఇట్లనెను:

“అన్నా, మొన్నటి గోలీలే ఇంకో రెండియ్యి. గొంతు ఇంకా తగ్గలే. పొద్దుగాల ఆరింటికి షూటింగుంది.”

దుకాణదారు వైద్యుని చీటీ అడుగలేదు. కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి ఇచ్చెను. అవి యాంటీబయాటిక్ బిళ్ళలు. ప్రక్కన ఉన్న ముసలామె ఊరకుండలేకపోయెను.

“గోలీలెందుకు బిడ్డా? మిరియాలు, శొంఠి ఏసి కషాయం కాసుకొని తాగరాదు?”

“రెండూ తాగుతా అవ్వా. దేనికి తగ్గితే దానికే తగ్గుతది,” అని నవ్వి అతడు వెడలిపోయెను.

శ్రోతలారా! ఆ మాట నన్ను ఇంటిదాక వెంటాడినది. మొక్కలలోని పదార్థములను యాంటీబయాటిక్ మందులతో జతపరచి, మొండికెత్తిన సూక్ష్మజీవులను లొంగదీయవచ్చునా అని నేడు దేశదేశములలో శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఆ యువకుడు తెలియకయే ఆ విషయమును పలికెను. కాని అతడు చేయబోయినది ఆ విద్య కాదు. ఆ రెంటికిని గల భేదమును చెప్పుటయే నేటి నా ప్రసంగము.

యాంటీబయాటిక్ మందుల చరిత్రలో తెలుగువారికి ఒక స్థానము కలదు. 1928లో ఫ్లెమింగు పెన్సిలినును కనుగొనెను. 1948లో అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలనుండి ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. దానిని మట్టిలోని సూక్ష్మజీవినుండి వేరుచేసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనశాలకు నాయకుడై, ఆ అన్వేషణను నడిపినవారు 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సంవత్సరమే ఆగస్టులో వారు కన్నుమూసిరి. అన్నదమ్ములను వ్యాధికి పోగొట్టుకొన్న ఆ మహనీయుడు మానవకోటి చేతికి ఒక ఆయుధము నిచ్చి పోయెను.

ఆ ఆయుధము నేడు మొద్దుబారుచున్నది. 2019లో ప్రపంచము మొత్తముమీద 12 లక్షల 70 వేలమంది మందుకు లొంగని బాక్టీరియాల మూలముగా నేరుగా మరణించిరని 2022లో ప్రకటింపబడిన ఒక గొప్ప అంచనా తెలిపినది. ఇది దూరదేశపు వార్త యనుకొనరాదు. షేక్‌పేటనుండి ముంబయి బాట పట్టి పోయినచో పటాన్‌చెరువు వచ్చును. అక్కడ సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడుచు కేంద్రమువద్ద స్వీడను దేశపు పరిశోధకులు నీటిని పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ ఉండెను. ఆ మందు సేవించు రోగి రక్తములో ఉండవలసినదానికంటె అది అధికము. రోగి యెవడును లేనిచోట, వైద్యుడెవడును వ్రాయనిచోట, వాగులోని సూక్ష్మజీవులకు మందు ముట్టినది. చచ్చినవి చచ్చిపోగా, చావనివి నేర్చుకొన్నవి.

ఏమి నేర్చుకొన్నవి? అది తెలిసినగాని మొక్కల ప్రసక్తి అర్థము కాదు. సూక్ష్మజీవికి ఆత్మరక్షణోపాయములు ముఖ్యముగా నాలుగు. మొదటిది, మందును విరిచివేయు ఎంజైమును తయారుచేసికొనుట. పెన్సిలినును ముక్కలుచేయు ఎంజైము ఇట్టిది. రెండవది, మందు వచ్చి తగులుకొను స్థానమునే మార్చివేయుట. ఇది తాళపుచెవికి అందకుండ తాళమును మార్చుట వంటిది. మూడవది, తలుపులు బిగించుకొని మందును లోనికి రానీయకుండుట. నాలుగవది మిక్కిలి విచిత్రము. సూక్ష్మజీవి పొరలో చిన్న పంపులు కలవు. పడవలోనికి వచ్చిన నీటిని సరంగు ఎప్పటికప్పుడు తోడి పారబోసినట్లు, లోనికి వచ్చిన మందును ఈ పంపులు వెంటనే బయటికి తోడివేయును. ఒక్కొక్క పంపు ఒక మందును గాక, పరస్పర సంబంధము లేని పలు మందులను తోడగలదు. పుండ్లలో చీము పుట్టించు స్టఫిలోకాకస్‌లో ఇట్టి పంపు ఒకటి కలదు. దాని పేరు నోర్-ఏ.

శత్రువు కవచము ధరించినప్పుడు రెండు మార్గములు. ఒకటి, క్రొత్త ఖడ్గమును చేయించుట. రెండు, ఆ కవచమును ఊడదీయువానిని పాత ఖడ్గమునకు తోడు పంపుట. క్రొత్త యాంటీబయాటిక్ కనుగొనుట బహు కష్టము, బహు వ్యయము. కనుక రెండవ మార్గముపై దృష్టి మరలినది. ఇది ఊహామాత్రము కాదు. అమాక్సిసిలినుతో క్లావులానిక్ ఆమ్లమును కలిపిన బిళ్ళ 1981లో బ్రిటనులో విపణికి వచ్చినది. క్లావులానిక్ ఆమ్లము తానుగా సూక్ష్మజీవిని చంపుట బహు స్వల్పము. అమాక్సిసిలినును విరిచివేయు ఎంజైమును అది పట్టి బంధించును. తరువాత పని అమాక్సిసిలినుది. ఈ క్లావులానిక్ ఆమ్లము మొక్కనుండి గాక మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించినది. అట్టి తోడు మొక్కలలో దొరకునా అనునది ప్రశ్న.

మొక్కలనే ఏల వెదకవలెను? మొక్క కదలలేదు, పారిపోలేదు. వేరుచుట్టు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నిత్యము ముట్టడించుచుండును. అయినను మొక్క బ్రతుకుచున్నది. మొక్కలలోని సూక్ష్మజీవి నాశకములను వేరుచేసి పరీక్షించినచో, అవి పెన్సిలిను, టెట్రాసైక్లినులతో పోల్చగా మిక్కిలి బలహీనములు. ఇంత బలహీనమైన ఆయుధముతో మొక్క ఇంత కాలము ఎట్లు నిలిచినది?

దీనికి ఒక చక్కని సమాధానము 2000 సంవత్సరమున అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ అను శాస్త్రజ్ఞులకు, వారి సహచరులకు దొరకినది. వారు పరీక్షించినది బార్బెర్రీ జాతి మొక్కలను. మన మూలికల అంగళ్ళలో మానుపసుపు, దారుహరిద్ర అను పేర్లతో అమ్ముడుపోవు పసుపువన్నె కట్టె మీరు చూచియుందురు. ఆ వన్నె బెర్బెరిన్ అను పదార్థమువలన వచ్చినది. అదియే ఆ అమెరికా మొక్కలలోను ఉన్నది. బెర్బెరినుకు సూక్ష్మజీవిని చంపు గుణము కలదు. కాని స్టఫిలోకాకస్ దానిని తన నోర్-ఏ పంపుతో తోడివేయును. అందుచేత బెర్బెరిన్ ఒంటరిగా నిర్వీర్యము. అయితే ఆ మొక్కలోనే మరియొక పదార్థము కలదు. దానికి చంపు శక్తి లేదు. అది చేయు పని ఒక్కటే, ఆ పంపును ఆపుట. పంపు ఆగగానే బెర్బెరిన్ లోపల నిండి, సూక్ష్మజీవి పెరుగుదల నిలిచిపోయినది. అనగా మొక్క ఒంటరి ఖడ్గమును నమ్ముకొనలేదు. ఖడ్గమును, కవచము ఊడదీయువానిని జంటగా నిలుపుకొన్నది.

ఆ రెండవ పదార్థము పేరు మిథాక్సీహిడ్నోకార్పిన్. ఈ పేరు వినగానే తెలుగువారు చెవియొగ్గవలెను. హిడ్నోకార్పస్ అనగా మన అడవిబాదము. దాని గింజల నూనె కుష్ఠువ్యాధికి మందుగా మన దేశమున పూర్వమునుండి వాడుకలో ఉండెను. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915 ప్రాంతమున ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిరి. వేరు దారి లేని ఆ దినములలో అక్కడ రోగులకు ఈ అడవిబాదపు నూనెనే సూదిమందుగా ఇచ్చుచుండిరి. దానిని ఎక్కించుట బాధాకరము, ఫలితము అనిశ్చితము. అయినను ఊరు వెలివేసినవారికి అదియే ఆశ.

ఆ గింజలనుండి హిడ్నోకార్పిన్ అను పదార్థమును, దాని మిథాక్సీ రూపమును వేరుచేసి, వాని నిర్మాణమును 1970 దశకపు తొలి సంవత్సరములలో తెలిపినవారు టి. ఆర్. శేషాద్రిగారు, వారి సహచరుడు రంగనాథన్‌గారు. శేషాద్రిగారు 1949లో ఢిల్లీకి పోవుటకు పూర్వము వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు రసాయనశాఖను తీర్చిదిద్దిన ఆచార్యులు. పూవులలో, బెరడులలో, గింజలలో ఉండు వర్ణద్రవ్యములను వెలికితీసి పేరుపెట్టుట వారి జీవితవ్రతము. ఆ పదార్థము దేనికి ఉపయోగపడునో వారికి నాడు తెలియదు. వారి తరువాత పాతికేండ్లకు పైగా గడచిన పిమ్మట, భూగోళమునకు ఆవలి వైపున, మరియొక మొక్కలో అదే పదార్థము ఒక సూక్ష్మజీవి పంపును ఆపుచున్నట్లు తేలినది. జ్ఞానమును ఊరక కూడబెట్టినవాని శ్రమ వృథా కాదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? డిచ్‌పల్లి నూనె పనిచేసినది ఈ పదార్థమువలననే యని మాత్రము నేను చెప్పుటలేదు. అట్లనుటకు ఆధారము లేదు.

కుష్ఠువ్యాధి కథలోనే జంటమందుల ఆవశ్యకత కూడ కనబడును. నూనె స్థానములో డాప్సోన్ వచ్చినది. దానిని ఒంటరిగా ఏండ్ల తరబడి వాడగా 1960 దశకమునకు ఆ సూక్ష్మజీవి దానికి లొంగని రూపము దాల్చినది. తుదకు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాప్సోను, రిఫాంపిసిను, క్లోఫజిమినులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించినది. ఒంటరి మందు ఓడినచోట కూటమి గెలిచినది. క్షయ చికిత్స నడచుచున్నదియు ఈ సూత్రముపైననే.

ఇక ఆ ముసలామె చెప్పిన మిరియములకు వత్తును. శొంఠి, పిప్పళ్ళు, మిరియములు ఈ మూడును కలిపి త్రికటుకము అందురు. ఆయుర్వేద యోగములలో అనేకములందు, ఏ రోగమునకైనను, ఈ త్రికటుకము కాని, అందులో ఒకటి కాని చేరియుండును. అన్ని రోగములకు ఒకే దినుసు ఏల అను సందేహము 1979 ప్రాంతమున జమ్ములోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి. కె. అటల్‌గారికి, వారి సహచరులకు కలిగినది. అది మందు కాదేమో, మందును ఒంటికి పట్టించు వాహనమేమో అని వారు భావించి పరిశోధించిరి. మిరియములలోను పిప్పళ్ళలోను ఉండు పిప్పరిన్ అను ఘాటైన పదార్థము ప్రేగులలోను కాలేయములోను మందును విరిచివేయు ఎంజైములను నెమ్మదింపజేయునని తేలినది. అందుచేత అదే మోతాదు మందు రక్తములో ఎక్కువగా, ఎక్కువసేపు నిలుచును.

ఈ పరిశోధన ప్రయోగశాలలో నిలిచిపోలేదు. రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు, పిప్పరిన్ 10 మిల్లీగ్రాములు గల క్షయమందు ఒకటి 2009లో మన దేశమున విడుదలయినది. జమ్ము పరిశోధనశాలయు, అహమ్మదాబాదులోని కాడిలా ఔషధ సంస్థయు కలిసి చేసిన కృషి అది. వాడుకలో ఉన్న 450 మిల్లీగ్రాముల రిఫాంపిసినుకు మారుగా 200 చాలునని వారి అధ్యయనములు తెలిపినవి. ఇంకొక విశేషము. ఇదే పిప్పరిన్ స్టఫిలోకాకస్ పంపును కూడ అడ్డగించి, సిప్రోఫ్లాక్సాసిన్ ఆ సూక్ష్మజీవి లోపల నిలుచునట్లు చేయునని జమ్ము శాస్త్రజ్ఞులే 2006లో ప్రకటించిరి. అయితే ఈ రెండవది గాజుపాత్రలో కనబడిన ఫలితము. మొదటిది మానవ శరీరములో పరీక్షింపబడినది. ఈ తేడాను మరువరాదు.

మన వంటింటిలో ఇట్టి తోడ్పాటు గల దినుసులు ఇంకను కలవు. వాములోని థైమాల్ సూక్ష్మజీవి పొరను సడలించును. తేయాకులోని కాటెకిన్ జాతి పదార్థములు, పెన్సిలిను కుటుంబపు మందులకు లొంగని స్టఫిలోకాకస్‌ను మరల లొంగునట్లు చేయుట ప్రయోగశాలలో కనబడినది.

ఇది నిజమైన సహకారమా, లేక కాకతాళీయమా అని తేల్చు విధానము చాల సరళము. చదరంగపు బల్లవలె గళ్ళు గల పలకను తీసికొందురు. అడ్డముగా మందు మోతాదు పెంచుకొనుచు, నిలువుగా మొక్క పదార్థము మోతాదు పెంచుకొనుచు, గడిగడిలో సూక్ష్మజీవులను వేసి మరునాడు చూతురు. మందు ఒంటరిగా 8 పాళ్ళు, మొక్క పదార్థము ఒంటరిగా 16 పాళ్ళు కావలసియున్నదనుకొనుడు. కలిపినప్పుడు 2 పాళ్ళు, 4 పాళ్ళు చాలినచో ఒక్కొక్కటి నాలుగవ వంతు. రెండు నాలుగవ వంతులు కలిసి సగము. ఈ మొత్తము సగమునకు మించనిచో నిజమైన సహకారమని లెక్క. మొత్తము ఒకటి అయినచో అది కూడిక మాత్రమే. నాలుగు దాటినచో ఆ రెంటికి వైరము. అవును, వైరము కూడ ఉండవచ్చును. మొక్క పదార్థము మందుకు అడ్డుపడవచ్చును. “రెండూ తాగుతా” ననువారు గమనింపవలసిన మాట ఇది.

గాజుపలకలో గెలిచినదెల్ల దేహములో గెలువదు. సర్పగంధ వేరునుండి లభించు రెసర్పిన్ కూడ నోర్-ఏ పంపును ఆపును. పరిశోధనశాలలలో దానిని కొలబద్దగా వాడుదురు. కాని రోగిలో ఆ పంపును ఆపుటకు కావలసినంత రెసర్పినును ఇచ్చినచో రక్తపు పోటు పడిపోవును, నాడీమండలము దెబ్బతినును. పంపును ఆపబోయి రోగిని ఆపినట్లగును. మొక్కనుండి వచ్చిన పంపు నిరోధకము ఏదియు ఇంతవరకు యాంటీబయాటిక్‌కు తోడుగా వైద్యశాలకు చేరకపోవుటకు ఇట్టి చిక్కులే కారణము. కావలసిన మోతాదు ఎక్కువ, ఒంటిలో నిలుచు కాలము తక్కువ. అంతియేకాక, ఒక చేలో పండిన గింజలో ఉన్నంత సారము మరియొక చేలో పండినదానిలో ఉండదు.

పిప్పరిన్ విషయములోను జాగ్రత్త అవసరము. అది రిఫాంపిసినును మాత్రమే నిలుపుననుకొనరాదు. మూర్ఛవ్యాధికి వాడు ఫెనిటాయిన్, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్, రక్తపు పోటుకు వాడు ప్రొప్రనొలాల్ కూడ దానివలన రక్తములో పెరుగునని మనుష్యులపై జరిగిన పరీక్షలు తెలిపినవి. పులుసులో, చారులో వేసికొను మిరియములకు భయపడనక్కరలేదు. కాని సారము తీసి గుళికలుగా అమ్ము పిప్పరినును, వైద్యునితో చెప్పక మందులతోపాటు మ్రింగుట క్షేమము కాదు. ప్రకృతిసిద్ధమైనది గనుక హానిచేయదనుట తర్కము కాదు. గన్నేరును ప్రకృతియే పెంచినది.

అట్లని ఈ పరిశోధన వ్యర్థమా? కానేకాదు. మన దేశమునకు ఇందులో ప్రత్యేకమైన అవకాశము కలదు. మూలికల పరిచయము మన వైద్యులకు వంశపారంపర్యము. రసాయనశాస్త్రము వాల్తేరు మొదలుకొని హైదరాబాదువరకు మన విశ్వవిద్యాలయములలో వేళ్ళూనినది. మందుల తయారీలో ఈ నగరము ప్రపంచమునకు తెలిసినది. పాత యోగములను గ్రుడ్డిగా కొలువక, గ్రుడ్డిగా త్రోసివేయక, ఆ త్రికటుకమును ప్రశ్నించినట్లు ప్రశ్నించువారు కావలెను. అంతవరకు చేతనున్న మందులను కాపాడుకొనుట మన పని. దేశములోని నియమము కూడ అదియే. పైతరగతి యాంటీబయాటిక్ మందులు పెక్కింటిని, క్షయమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని, అమ్మిన వివరములు మూడేండ్లు భద్రపరుపవలెనని 2014 మార్చినుండి హెచ్-1 పట్టిక శాసించుచున్నది.

ఇప్పుడు ఆ యువకుని దగ్గరకు మరల పోవుదము. గొంతునొప్పులు చాలవరకు వైరసులవలన వచ్చును. వానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అతని నొప్పి అట్టిదే అయినచో ఆ రెండు బిళ్ళలు గొంతుకు మేలు చేయవు. ఒంటిలోని ఇతర సూక్ష్మజీవులకు మాత్రము పాఠము నేర్పును. మిరియాల కషాయము గొంతుకు హాయి నిచ్చును. ఒకవేళ అది బాక్టీరియావలన వచ్చినదైనచో రెండు బిళ్ళలు చాలవు. వైద్యుడు చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదున వాడవలెను. ఏ విధముగ చూచినను ఆ రెండు బిళ్ళలకు అర్థము లేదు.

అతనిని తప్పుపట్టుట తేలిక. వైద్యుని వద్దకు పోయినచో ఒక పూట పోవును. పూట పోయినచో కూలి పోవును. ఆ లెక్క అతనికి తెలియును, మనకు తెలియదు. నేను ఆనాడు అతనితో ఒక్క మాటయు చెప్పలేదు. ఇంటికి వచ్చి బీరువా తెరచి చూచితిని. సగము వాడి విడిచిన యాంటీబయాటిక్ బిళ్ళల పట్టీలు మూడు దొరకినవి. అవి నావి. చదువుకొన్నవాని ఇంటిలో మూడు పట్టీలున్నప్పుడు, ఆ యువకునికి నీతి చెప్పు అర్హత ఎక్కడిది?

కావున శ్రోతలారా, నా విన్నపము ముందుగా నాకు, పిదప మీకు. మీ బీరువాలు ఒకసారి తెరచి చూడుడు. మిగిలిన బిళ్ళలను మరియొకరికి ఈయకుడు, మరియొకసారికి దాచుకొనకుడు. మొక్కలనుండి మందుకు తోడు నేడో రేపో లభించును. ఆ తోడు వచ్చునాటికి మందు బ్రతికియుండవలెను గదా!